ఏమీ అడగని అవ్వ

ఒక ముసలమ్మ చేత బిచ్చమెత్తించి, ఆ డబ్బుతో నేను జీతం తీసుకుంటున్నాను. ఆమె రక్తమాంసాలున్న మనిషి కాదు, ఫోన్‌లో ఆడే ఒక గేమ్‌లో పాత్ర. ఉత్త బొమ్మ. ఆ మాట చెప్పుకుని నన్ను నేను సముదాయించుకోవాలని చాలాసార్లు చూశాను. కుదరలేదు. బొమ్మే అయితే ఆమె మాటలు రాసిన రోజు మా అమ్మ మొహం చూడటానికి నాకు ఎందుకంత కష్టంగా ఉంటుంది?

మాది సూరత్. మా నాన్న పెళ్ళికి ముందే సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ పవర్‌లూమ్ పనిలో చేరాడు. కొన్నేళ్ళు ఇంకొకరి మగ్గాల మీద నేసి, తర్వాత కొన్ని పాత మగ్గాలు కొని సొంతంగా పెట్టుకున్నాడు. నేను పుట్టి పెరిగింది ఊరి చివర ఉన్ అనే పేటలో. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో గుజరాతీ. మూడింటిలోనూ బ్రహ్మాండంగా కొట్లాడగలననీ, ఒక్కదానిలో కూడా మర్యాదగా మాట్లాడలేననీ మా అమ్మ ఫిర్యాదు. అందులో అబద్ధమేమీ లేదు.

నేను అన్న అని రాసేది తోడబుట్టిన అన్న గురించి కాదు. వాళ్ళ ఇల్లు మా గల్లీలోనే. వాళ్ళ నాన్న, మా నాన్న ఒకే ఖాతాలో పనిచేసేవాళ్ళు. ఇక్కడ మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. అన్న నాకంటే పెద్దవాడు. చదువు సగంలో ఆపి, సూరత్‌లోనే సలాబత్‌పురా అనే బట్టల బజారులో ఒక చీరల వ్యాపారి దగ్గర కంప్యూటర్ మీద ప్రింట్ డిజైన్లు గీసే పనికి కుదిరాడు. పగలు చీర కొంగుకు మామిడి పిందెలు గీసేవాడు. ఆదివారం నన్ను ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకెళ్ళి రోల్ ప్లేయింగ్ గేమ్‌లు ఆడించేవాడు.

ఆ రకం ఆటలు తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. వాటిలో కాల్చడం, పరిగెత్తడం కంటే బతకడం ఎక్కువ. మీరొక మనిషి అవుతారు. ఊరూరూ తిరుగుతారు, దారిలో కనిపించినవాళ్ళతో మాట్లాడతారు. మీరన్న మాటను వాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. మంచి ఆటైతే ఎవరినో నొప్పించి ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. చిన్నప్పుడు నేను ఒక ఆటలో ఒక గుర్రాలవాడికి అబద్ధం చెప్పి రెండు రోజులు బాధపడ్డాను. అమ్మ జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది.

అలాంటి ఆట ఒకటి మనమే చేద్దామని అన్న అన్నప్పుడు నేను నవ్వాను. తర్వాత నేను కూడా ఆ పనిలోకే దిగాను. సలాబత్‌పురాలో లేసుల దుకాణం పైన గది. మెట్లెక్కుతుంటే తల వంచాలి. ఆ గదిలో పట్టినంతమందిమి చేరాం. బొమ్మలు అన్నవి, మాటలు నావి, మిగతాది మిగతావాళ్ళది. ఆటలో కుర్రాడొకడు భుజాన బట్టల మూట వేసుకుని ఊరూరూ తిరుగుతాడు. కొంత దూరం వెళ్ళాక ఒక ముసలమ్మ అతనితో కలుస్తుంది. పోట్లాడదు, మంత్రాలు రావు. దారి చెబుతుంది, తిడుతుంది, వండి పెడుతుంది. ఆటను తెలుగులోనూ హిందీలోనూ రాశాం. హిందీలో ఆడేవాళ్ళు ఆమెను దాదీ అనేవాళ్ళు. మాకు మాత్రం అవ్వ.

అవ్వకు అన్న పెట్టిన నియమం ఒక్కటే. ఆమె ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు. ఏదీ అడగదు. మూటలోంచి పండు తీసి ఇచ్చినా, శాలువా ఇచ్చినా, బంగారం ఇచ్చినా "నాకెందుకు బిడ్డా" అంటుంది. ఆ "నాకెందుకు"ను నేను ఎన్ని రకాలుగా రాశానో నాకే గుర్తులేదు. శాలువాకు ఒకలాగ, పండుకు ఒకలాగ, బంగారానికి కొంచెం కోపంగా. ఎందుకీ నియమం అని ఒకసారి అన్నను అడిగాను.

"అడిగేటోళ్ళే ఉన్నరు చెల్లె అంతట. ఆటల గూడ అడుగుడేనా? ఒక్కరన్న అడగనోళ్ళు ఉండాలె" అన్నాడు.

అవ్వ మాటలు రాయడానికి నాకొక పద్ధతి ఉండేది. ఉన్‌లో మా ఇంటి ముందు గదిలో అమ్మా, పక్కింటి ఆడవాళ్ళూ కూర్చుని చీరలకు రాళ్ళు అంటిస్తారు. ఒళ్ళో చీర పరుచుకుని, చుక్క జిగురు పెట్టి, మెరుపు రాయి ఒత్తి, మళ్ళీ ఇంకో చుక్క. చీరకింత అని కూలి కాబట్టి మాట్లాడతారే కాని చెయ్యి ఆపరు. చావు కబురు విన్నా ఒక రాయి అంటించాకే "అయ్యో" అంటారు. నేను వాళ్ళ మధ్య కూర్చుని అవ్వ మాటలు చదివేదాన్ని. చేతులు ఆగితే ఆ మాట ఉంచేదాన్ని. ఆగకపోతే కొట్టేసేదాన్ని. ఏ పెద్ద పుస్తకం చదివి నేర్చుకున్న విద్య కాదది. అంతకంటే నమ్మకమైన పరీక్ష నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఆట బయటికి వచ్చింది. మేం అనుకున్నదానికంటే ఎక్కువమంది ఆడారు. విచిత్రమేమిటంటే జనం అవ్వకు ఏదో ఒకటి ఇవ్వాలని పట్టుపట్టారు. మూటలో ఉన్న ప్రతి వస్తువూ ఒక్కొక్కటే ఆమె చేతికిచ్చి చూసేవాళ్ళు. ఫలానా ఊళ్ళో, ఫలానా పూట, ఫలానా గ్లాసుతో నీళ్ళిస్తే తీసుకుంటుందట అని పుకార్లు పుట్టించారు. తీసుకోదని చెబితే నమ్మేవాళ్ళు కాదు. ఆట ముగిసినా ఒక దుప్పటి అమ్మకుండా మూటలోనే దాచుకున్నానని, ఎప్పటికైనా దాదీ తీసుకుంటుందేమోనని ఒకావిడ మాకు రాసింది. అది చదివి అన్న కిటికీ వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. మేం చూడనట్టు నటించాం.

పేరొచ్చాక పెద్ద పబ్లిషర్ నుంచి కబురొచ్చింది. పబ్లిషర్ అంటే ఆటకు పెట్టుబడి పెట్టి, ప్రచారం చేసి, అమ్మిపెట్టే కంపెనీ. రెండో ఆటకు డబ్బు మాది, మీరు చేయండి అన్నారు. అన్న భయపడ్డాడు. భయపడటానికి కారణముంది. మాకు ఆటలంటే ఏమిటో నేర్పిన స్టూడియోలన్నీ సముద్రాల అవతల చిన్న గదుల్లో మొదలైనవే. వాటి గతి చూస్తూ పెరిగాం. ముందు పెద్ద కంపెనీ భుజం మీద చెయ్యి వేస్తుంది. ఒక ఆట బాగుంటుంది. తర్వాతది తొందరగా కావాలంటుంది. ఆ తర్వాతదాన్లో మనుషులు మాట్లాడటం తగ్గి, డబ్బులిచ్చి బహుమతుల పెట్టెలు తెరవడం ఎక్కువవుతుంది. చివరికి తలుపు మీద పేరు మిగులుతుంది, లోపల మనుషులు మిగలరు. ఒక్కో స్టూడియో మూతపడిందన్న వార్త వచ్చినప్పుడల్లా మేం ఆ పైగదిలో లోచో పలహారం తింటూ వాళ్ళను తిట్టేవాళ్ళం. అమ్ముడుపోయారనేవాళ్ళం. అందరికంటే గట్టిగా తిట్టింది నేనే.

అలాంటిదాన్ని, అన్నను ఒప్పించింది కూడా నేనే. ఆ తెలివి నాకు మా నాన్న నుంచి వచ్చింది. సూరత్‌లో మావాళ్ళ బతుకంతా జాబ్‌వర్క్ మీదే నడుస్తుంది. సేటు నూలు పంపిస్తాడు. మనం నేసి గుడ్డ అప్పగిస్తాం. గుడ్డ సేటుది, కూలి మనది. సేటు మంచివాడు కాకపోతే ఇంకో సేటు దగ్గర నూలు తెచ్చుకుంటాం. మగ్గం మాత్రం ఎక్కడికీ పోదు. పబ్లిషర్ సంగతి చెప్పి ఏం చేయమంటావని అడిగితే నాన్న బీడీ ఆర్పకుండానే తేల్చేశాడు.

"గిందుల భయపడెటందుకు ఏమున్నది? నూలు సేటుది, మగ్గం మనది. నచ్చకపోతె సేటును మారుస్తం."

నేను అదే మాట అన్నకు చెప్పాను. అన్న కూడా మగ్గం ఇంటివాడే. ఆ లెక్క అతనికి వెంటనే ఎక్కింది. కాగితాల్లో పాత్రలు, ఊళ్ళు, పేర్లు అన్నీ రాసి ఉన్నాయి. మేం చదవకపోలేదు, చదివాం. రెండో ఆటలో ఉండేవన్నీ వాళ్ళవని మాకర్థమైంది. గుడ్డ వాళ్ళది కదా, న్యాయమే అనుకున్నాం. అవ్వను మేం గుడ్డలో లెక్కవేయలేదు. ఆమె మగ్గమనుకున్నాం. చదువుకున్న ఇంకే ఊరివాళ్ళైనా ఈ తప్పు చేసేవాళ్ళు కారేమో. మేం మాత్రం నవ్వుతూ చేశాం, మిఠాయి కూడా పంచాం.

గాజు అద్దాల భవనంలోకి మారాం. మెట్లెక్కుతుంటే తల వంచాల్సిన పని లేదు, లిఫ్ట్ ఉంది. మనుషులు పెరిగారు. ఎవరి పేరేమిటో తెలుసుకునేలోపే ఇంకొకరు వచ్చేవాళ్ళు. మా మీద కంపెనీ ఒక మేడమ్‌ను పెట్టింది. ఆమెను రాక్షసిలా రాయాలని నాకూ ఉంది, కాని అబద్ధమవుతుంది. మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు రోజూ ఫోన్ చేసి అడిగిన మనిషి. మా ఆటను రెండుసార్లు పూర్తిగా ఆడింది. ఒకరోజు వీడియో కాల్‌లో జనానికి మీ ఆటలో అన్నిటికంటే నచ్చిందేమిటని హిందీలో నన్ను అడిగింది. నేను పొంగిపోయి అవ్వ కథంతా చెప్పాను. జనం ఆమెకు ఏమేమి ఇచ్చి చూశారో, ఒకావిడ దుప్పటి ఎలా దాచిందో, అన్నీ. మేడమ్ కళ్ళు తుడుచుకుంది. నిజంగానే తుడుచుకుంది.

తర్వాత కాసేపు ఆలోచించి, "అయితే వాళ్ళు ఇవ్వాలనుకుంటున్నారు. మనమే తీసుకోవడం లేదు" అంది.

నేను నవ్వాను. అది హాస్యమనుకున్నాను. తర్వాతి మీటింగ్‌లో అది పటమై గోడ మీద వెలుగుతోంది. ఎంతమంది, ఏ ఊరు దాటాక, అవ్వకు ఏది ఇవ్వబోయారు అన్నీ రంగురంగుల గీతలు. ఆ గీతలన్నీ మా పాత ఆటలోంచి తీసినవే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంటి దొంగ తనంతట తనే వెళ్ళి బీరువా ఎక్కడుందో చూపించింది, అదీ గర్వంగా.

అవ్వ ఇకమీదట ఆడేవాళ్ళ దగ్గర చిన్న చిన్న వస్తువులు తీసుకుంటుందనీ, అవి నిజమైన డబ్బుతో కొనాలనీ నిర్ణయం చెప్పారు. అన్న ఒక్కటే మాటన్నాడు, "ఆమె అడగది." ఎవరెంత నచ్చజెప్పినా అదే మాట. చివరికి, మీతో కుదరకపోతే నేను వెళ్ళిపోతాను, అవ్వను తీసుకుని ఇంకో పబ్లిషర్ దగ్గరికి పోతానన్నాడు. కోపంగా కూడా అనలేదు. సేటును మార్చే నేతగాడు ఎలా అంటాడో అలా అన్నాడు.

కంపెనీ వకీలమ్మ వీడియో కాల్‌లోకి వచ్చింది. చాలా మర్యాదగా, తడుముకోకుండా ఇంగ్లీషులో చెప్పింది. అన్నకు ఇంగ్లీషు అంత వేగంగా అందదు. నా వైపు తిరిగాడు.

"ఏమంటున్నది చెల్లె?"

"అవ్వ కంపెనీదట అన్నా. మనం సంతకం పెట్టిన కాగితాలల్ల మొదటి ఆట గూడ కలిసిందట. నువ్వు పోవచ్చు గని ఆమెను తీస్కపోరాదట."

"అట్లెట్లయితది? వాళ్ళిచ్చింది నూలు. అవ్వ నూలు కాదు గద."

అన్న నన్ను తిట్టలేదు. నీ మాట విని సంతకం పెట్టానని అనలేదు. అని ఉంటే నాకు ఎంతో బాగుండేది. తెర మీద వకీలమ్మ, మేడమ్ ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు. ఆయన ఏమన్నారని అడిగారు. ఆయనకు అర్థమైందని చెప్పాను. సాయంత్రం ఇంటికెళ్ళి నాన్నకు చెబితే చాలాసేపు నమ్మలేదు. "మగ్గం గూడ గుంజుకపోతరా? గదేం రకం సేటు?" అని పదేపదే అదే అడిగాడు.

అన్న ఉద్యోగం వదిలేసి బార్డోలీ వెళ్ళిపోయాడు. వదిన పుట్టిల్లు అక్కడే. వెళ్ళేముందు నేనూ మానేస్తానని చెప్పాను. చెప్పానంటే నోటితో చెప్పాను. లోపల, వద్దంటాడేమో, వద్దంటే బాగుండుననే ఆశ ఉంది. జీతం తీపి ఎక్కువ. గాజు భవనంలో నా పేరున ఒక గది ఉండేది.

"నువ్వు పోతె ఆమె మాటలు ఎవడో రాస్తడు. ఆమె ఆమె లెక్కనే ఉండది. నువ్వుండు" అన్నాడు అన్న.

ఆ మాటను నేను తాయెత్తులా కట్టుకున్నాను. ఎవరేమడిగినా అన్నే ఉండమన్నాడని చెప్పేదాన్ని. ఎందుకు ఉండమన్నాడో మాత్రం ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

అవ్వ అడిగే మొదటి మాట రాయడానికి కూర్చున్నాను. ముందు కావాలనే చెడ్డగా రాద్దామనుకున్నాను. ఎవరూ కొనకపోతే కంపెనీయే మానేస్తుంది. చేతకాలేదు. చెడ్డగా రాసినవి నాకే నచ్చక కొట్టేశాను. పొగరనండి, అలవాటనండి. అవ్వ చెప్పులు కొనిపెట్టమని అడిగితే అది అవ్వ కాదు. అందుకని ఆమె చేత ఏమీ అడిగించలేదు. దారిలో ఒకచోట ఆగి, "కాళ్ళు గుంజుతున్నయి బిడ్డా. నువ్వు నడువు, నేను మెల్లగ వస్త" అంటుంది. అంతే. కింద చెప్పుల బొమ్మ, పక్కన ధర.

అలవాటు కొద్దీ ఆ మాటను మా ముందు గదిలో చదివాను. చేతులన్నీ ఒక్కసారే ఆగాయి. ఇన్నేళ్ళలో అంత నిశ్శబ్దం ఆ గదిలో ఎప్పుడూ వినలేదు. పక్కింటి పెద్దమ్మ జిగురు ట్యూబు కింద పెట్టి, "అయ్యో, ఎంత దూరం నడిపిస్తుండ్రే ముసల్దాన్ని? జర చెప్పులన్న కొనియ్యరాదుండ్రి?" అంది.

అమ్మ నా మొహంలోకి చూసింది. "గీమె ఏం అడగది అంటివి గదనే?"

"ఇప్పుడు గూడ అడుగుతలేదు గదమ్మా" అన్నాను.

అమ్మ చీర సర్దుకుని మళ్ళీ రాళ్ళు అంటించడం మొదలుపెట్టింది. ఆ మాట అన్నందుకు నాకు నా మీదే అసహ్యమేసింది. అయినా మర్నాడు ఆఫీసుకు పంపించాను, ఒక్క అక్షరం కూడా మార్చకుండా.

కంపెనీలో కేకు కోశారు. చెప్పులు అంతగా అమ్ముడయ్యాయి. తర్వాత చేతికర్ర, శాలువా, గొడుగు. వానాకాలం వస్తే మోకాళ్ళ నొప్పి రాయమనేవాళ్ళు, చలికాలం వస్తే దగ్గు. పండగ ముందు ఒక కొత్త నొప్పి తప్పనిసరి. నేను రాసేదాన్ని. పాత ఆట నుంచి మాతో ఉన్నవాళ్ళు ముందు కోప్పడ్డారు, తర్వాత ఏడ్చారు, ఆ తర్వాత వెళ్ళిపోయారు. దుప్పటి దాచిన ఆవిడ మళ్ళీ ఎప్పుడూ రాయలేదు. కొన్నాళ్ళు కొత్తవాళ్ళు వచ్చారు. వాళ్ళకు అవ్వ అంటే నస పెట్టే ముసల్ది, అంతే. తర్వాత వాళ్ళూ తగ్గారు. తగ్గేకొద్దీ కంపెనీ ఇంకా నొప్పులు రాయమంది. కొత్త ఊళ్ళు, కొత్త మనుషులు వద్దంది. వాటిని చేసేవాళ్ళను ఇళ్ళకు పంపించింది. మొదటి ఆటను ఫోన్‌లో ఆటలమ్మే దుకాణంలోంచే తీసేశారు, జనం పోల్చి చూస్తున్నారని. ఒకరోజు తలుపు మీద మా స్టూడియో పేరు కూడా తీసేశారు. మేం చిన్నప్పుడు ఎవరెవరినో తిట్టిన కథే ఇది, వరస కూడా తప్పలేదు. ఇప్పుడు వేరే ఆఫీసులో ఒక మూల మేం కొద్దిమందిమి ఉన్నాం. ఆట నడుస్తూనే ఉంది. నేను నొప్పులు రాస్తూనే ఉన్నాను.

అన్నను కలవకుండా చాలా కాలం తప్పించుకు తిరిగాను. ఫోన్ చేస్తే పనిలో ఉన్నాననేదాన్ని. అమ్మ ఊరుకోలేదు. "గా పిలగాడు ఎట్లున్నడో సూసి రాపోవె. నీ కాళ్ళేమన్న అరుగుతయా?" అని రోజూ పోరింది. ఒక ఆదివారం బార్డోలీ బస్సెక్కాను. దారి పొడుగునా చెరకు ట్రాక్టర్లు అడ్డం. ఎంత ఆలస్యమైతే అంత మంచిదనుకున్నాను.

అన్న ఒక ప్రింట్ మిల్లుకు ఇంట్లోంచే డిజైన్లు గీస్తున్నాడు. కొంచెం లావయ్యాడు. వదిన చాయ్ పెట్టింది, మా అమ్మ ఆరోగ్యం అడిగింది. అన్న నన్ను చూసి నిజంగానే సంతోషపడ్డాడు. అదే నాకు భరించడం కష్టమైంది. తిడతాడనుకుని వెళ్ళాను. తిట్టించుకుంటే బరువు దిగుతుందనే ఆశ కూడా ఉంది. అన్న తిట్టే మనిషి కాదని తెలిసి కూడా ఆశపడ్డాను. వదిన లోపలికి వెళ్ళాక ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. మా ఆట తెరిచి ఉంది.

అవ్వ దారి పక్కన నిలబడి ఉంది. కాళ్ళకు చెప్పులు. చేతిలో కర్ర. ఒంటి మీద శాలువా, దాని మీద ఇంకో శాలువా. చంకలో గొడుగు. మేం అమ్మకానికి పెట్టినవన్నీ ఆమె ఒంటి మీదే ఉన్నాయి. ఒక్కటి కూడా తప్పిపోలేదు.

"అన్నీ కొన్నవా అన్నా?"

"కొన్న."

"నీకు తెల్వదా? అదంత పైసల కోసమే గద."

"తెల్వక ఏంది చెల్లె. రాసింది నువ్వని గూడ తెలుసు. మంచిగ రాసినవు. గట్ల అంటె ఎట్ల ఇయ్యకుంట ఉంటం?"

అన్న ఫోన్ మీదికి వంగి, ఆటలో కుర్రాడిని నాలుగడుగులు నడిపించాడు. అవ్వ నడిచింది. మళ్ళీ ఆగింది. "కాళ్ళు గుంజుతున్నయి బిడ్డా" అంది. అన్న తలెత్తి, మా పాత గదిలో ఏ బొమ్మకు ఏ రంగని అడిగేటప్పుడు ఎలా అడిగేవాడో అలాగే అడిగాడు.

"చెప్పులు కొన్న, కర్ర కొన్న. అయినా గుంజుతున్నయనే అంటది. ఇంకేం కొంటె తగ్గుతది చెల్లె?"

"ఏం కొన్నా తగ్గదు అన్నా. తగ్గినయి అనే మాట లేదు ఆటల. నేను రాయలే."

అన్న ఫోన్ నా వైపు జరిపాడు.

"మరి రాయరాదు? ఒక్క మాటనే గద."

"రాస్త" అన్నాను. కంపెనీ ఒప్పుకోదని నాకు తెలుసు. నొప్పి తగ్గితే అమ్మడానికి ఇంకేం మిగులుతుందని మేడమ్ మర్యాదగా అడుగుతుంది. అన్నకూ ఆ సంగతి తెలుసు. అయినా నా మాట నమ్మి తలూపాడు. బస్సుదాకా వచ్చి ఎక్కించి వెళ్ళాడు.

బార్డోలీ నుంచి వచ్చాక వానాకాలం నొప్పులు రాశాను, చలికాలం దగ్గు రాశాను. ఆ ఒక్క మాట మాత్రం రాయలేదు. తగ్గిందనే మాట నాకేమీ కష్టం కాదు, కలం పెడితే పూటలో వస్తుంది. కంపెనీ ఒప్పుకోదని అందరికీ చెబుతున్నాను. నిజం ఏమిటంటే నేను వాళ్ళను ఇంతవరకూ అడగనే లేదు.